ఇంట్లో చెప్పని కబురు

కిందటి నెల గద్వాలలో ఒక పెళ్ళికి వెళ్ళి, తిరిగి వస్తూ వనపర్తిలో మా చెల్లెలి కూతురింట దిగాను. కాఫీ ఇచ్చింది, నవ్వింది. కాని మనిషి మునుపటిలా లేదు. అత్తగారు గుడికి వెళ్ళగానే నా పక్కన వచ్చి కూర్చుంది.

"నెలసరి తేదీలు ఫోనులో ఒక యాప్‌లో రాసుకుంటాను, పెద్దమ్మా. ఆ నెల తప్పింది. ఇంకో వారం చూసి, డాక్టరమ్మకు చూపించుకుని, అప్పుడు చెబుదామనుకున్నా. హాల్లో చార్జింగుకు పెట్టిన ఫోను మీద 'తొమ్మిది రోజులు ఆలస్యం' అని వెలిగింది. మా అత్తగారు చదివారు."

సాయంత్రానికల్లా ఆ కబురు నాగర్‌కర్నూలులోని ఆడబిడ్డకు చేరిపోయిందట. రెండు వారాలకు గర్భం నిలవలేదు.

"నా దుఃఖం ఒక ఎత్తు, పదిమందికీ సమాధానం చెప్పడం ఒక ఎత్తు అయింది. ఇప్పటికీ ఫోనులో ఉయ్యాలల ప్రకటనలు వస్తూనే ఉన్నాయి" అంది.

ఆ ప్రకటనలు యాప్ వల్ల వచ్చాయో, తాను వెదికిన మాటల వల్ల వచ్చాయో తెలుసుకునే దారి దానికి లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మా అమ్మ కాలమే నయమని నేననను. మూడు రోజులు పెరటి వసారాలో కూర్చోబెడితే, పాలమ్మికి కూడా సంగతి తెలిసేది. ఇక రహస్యమెక్కడిది? అయితే ఆ కబురు వీధి చివర ఆగేది. ఇప్పుడు సముద్రాలు దాటుతున్నది.

ఫ్లో అనే యాప్ సంగతి చూడండి. పది కోట్ల మందికి పైగా వాడిన యాప్ అది. మీ వివరాలు గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చి, వాటిని ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు అందించిందని 2021 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. తప్పు ఒప్పుకోకుండానే ఫ్లో రాజీపడింది. 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ, ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కాలిఫోర్నియా గోప్యతా చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఇది జరిగే తీరు సులువే. యాప్ తయారుచేసేవారు పై కంపెనీల పనిముట్టునొకదానిని అందులో అమరుస్తారు. మనం 'గర్భవతిని' అని మీట నొక్కితే, ఆ వార్త అటు కూడా పోతుంది.

మన దేశంలో గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరును చట్టం అనుమతించని వారికి వైద్యుడు వెల్లడిస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉన్నది. 2021 సవరణ అది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కంపెనీల కోసం 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

అందాకా మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. తేదీలు రాసుకోవడం మానవద్దు సుమా. డాక్టరు మొదట అడిగేది చివరి నెలసరి తేదీనే. యాప్ వాడితే, ఫోను తెర మీద సందేశాలు కనిపించకుండా ఆపివేయండి. పేరు, ఈమెయిలు అడగకుండా, వివరాలు ఫోనులోనే దాచే యాప్‌ను ఎంచుకోండి. వద్దనుకున్నప్పుడు తేదీలు కాగితం మీద ఎక్కించుకుని, ముందు ఖాతా తొలగించమని కోరి, తరువాత యాప్ తీసివేయండి. యాప్ తీసేసినంత మాత్రాన కంపెనీ దగ్గర చేరిన వివరాలు చెరిగిపోవు. వీటన్నిటికన్నా చవకయినది చిన్న నోటుపుస్తకం. మా పిల్ల ఇప్పుడు అదే బీరువాలో చీరెల మధ్య దాచుకున్నది.

గుడినుంచి వచ్చిన వియ్యపురాలితో మెల్లగా అన్నాను: "వదినగారూ, కోడలు నోటితో చెప్పేదాకా ఆ కబురు మనది కాదండీ."

ఆవిడ ప్రసాదం గిన్నె కింద పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "సంతోషం పట్టలేకపోయాను, వదినా" అన్నది.

నేను మరేమీ అనలేకపోయాను.