పచ్చని రొట్టెలో పిండి ఎంత?

మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఏ ఆఫీసు భోజనశాలలోకి వెళ్లినా ఈమధ్య ఒక కొత్త వంటకం కనిపిస్తోంది. పల్చటి రొట్టెలో కూరగాయ ముక్కలూ, వాటితో పాటు పన్నీరో, కోడిమాంసమో పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి చేతికిస్తారు. రొట్టె ఒకచోట చిలకపచ్చగా ఉంటుంది, ఒకచోట బీట్‌రూటు రంగులో ఉంటుంది. పేరు అడిగితే కూరగాయల తోర్తియా అంటారు. పిండిపదార్థం తక్కువ, ఒంటికి మంచిది అని కూడా చెబుతారు.

నా దగ్గర తెలుగు చదువుకుని ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి మొన్న అడిగింది: "మేడమ్, మా ఆయనకి చక్కెర ఉందని తేలింది. ముప్ఫయి ఆరేళ్లే! అన్నం తగ్గించమన్నారు డాక్టరుగారు. ఈ కూరగాయల రొట్టెలు బయట కొనవచ్చా? ఇంట్లో అయితే చేతికి రావడం లేదు, పెనం మీదే ముక్కలైపోతున్నాయి."

తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని ఇలాంటివి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. కాని పేరు ఒకటీ వస్తువు ఒకటీ అయినప్పుడు విచారించి చెప్పడం మా వృత్తిలో భాగమే కదా! అంచేత పేరుతోనే మొదలుపెడతాను.

తోర్తియా అంటే స్పానిష్ భాషలో చిన్న రొట్టె అని అర్థం. స్పెయిను దేశంలో ఈ మాటకి బంగాళాదుంపలు వేసిన కోడిగుడ్డు అట్టు అని అర్థం. సముద్రం దాటి మెక్సికో వెళితే అదే మాటకి మొక్కజొన్న రొట్టె అని అర్థం. అక్కడివాళ్లు మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, కడిగి, రాతిమీద నూరి, ముద్ద చేసి, పల్చగా తట్టి కాలుస్తారు. మన జొన్న రొట్టెకి అది దూరపు చుట్టమే అనుకోండి. గోధుమలో ఉండే సాగుడు గుణం అటు మొక్కజొన్నకీ లేదు, ఇటు జొన్నకీ లేదు. అందుకే వాళ్లు సున్నపు నీళ్లతో పిండికి జిగి తెప్పిస్తే, మన ఆడవాళ్లు మరిగే నీళ్లతో తెప్పిస్తారు. సాయంకాలం హైదరాబాదు రోడ్ల పక్కన జొన్న రొట్టెలు తట్టే అమ్మలని చూడండి. పిండిలో వేణ్ణీళ్లు పోయకుండా ఒక్కరైనా ముద్ద కలుపుతారేమో!

ఇక అసలు సంగతి. ఈ ఊళ్లో ఇటువంటి రొట్టెల అవసరం ఎందుకొచ్చింది? 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టూ ఉన్నవి ఎక్కువగా రాళ్లూ తుప్పలూను. ఇవాళ అక్కడ లక్షల మంది కుర్చీల్లో కూర్చుని పనిచేస్తున్నారు. అమెరికా వేళలకి మేలుకుని, మనవేళలకి తింటారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది! నూటికి 71 మందికి స్థూలకాయం. వాళ్లంతా తాగుబోతులు కారు. కూర్చునే ఉద్యోగం, నిద్రలేమి, వేళాపాళా లేని తిండి కలిసి తెచ్చిపెట్టిన జబ్బు ఇది.

తిండిలో మన తప్పు ఎక్కడుందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు చెబుతున్నాయి. రోజు మొత్తం మీద మనకు అందే శక్తిలో ధాన్యాల వంతు, చిరుధాన్యాలతో కలిపి, నూటికి 45 పాళ్లు దాటకూడదు. మనదేశంలో అది 50 నుంచి 70 దాకా పోతోంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2025లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మనం తినే శక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థాలదే. ఆ సర్వేలోనే మరో మాట ఉంది. తెల్లబియ్యం మానేసి ఆ స్థానంలో గోధుమపిండో, చిరుధాన్యాల పిండో అంతే కొలతలో తింటే చక్కెర జబ్బు ముప్పు తగ్గదట. మొత్తం పిండిపదార్థమే తగ్గాలి. "మేము అన్నం మానేశామండీ, రాత్రికి నాలుగు చపాతీలే" అని గర్వంగా చెప్పుకునేవారు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి.

ఈ దృష్టితో ఆ చిలకపచ్చ రొట్టెని చూడండి. చిన్నకట్ట పాలకూర రుబ్బి రెండు కప్పుల గోధుమపిండిలోనో, మైదాలోనో కలిపితే అంత పచ్చదనమూ వస్తుంది. రంగు పాలకూరది, బరువు పిండిది. అలాంటి రొట్టె ఒకటి తిన్నా, మామూలు చపాతీ ఒకటి తిన్నా రక్తంలోకి చేరే చక్కెరలో పెద్ద తేడా ఏమీ ఉండదు. పొట్లాలు కట్టి అమ్మేవి కొనేటప్పుడు ఒక చిన్న ఉపాయం ఉంది. పొట్లం మీద దినుసులను బరువు ప్రకారం, ఎక్కువది ముందు, తక్కువది వెనక వరుసగా అచ్చు వేయాలన్నది మన దేశపు నిబంధన. మొదటి పేరు గోధుమపిండో మైదానో అయి, పాలకూర నాలుగోదో అయిదోదో అయితే అది గోధుమ రొట్టేనన్నమాట. పక్కనే నూరు గ్రాములకి పిండిపదార్థం ఎంతో కూడా వేస్తారు. బొమ్మను చూడకండి, ఆ అంకె చూడండి.

ఇంట్లో చేసుకునేదానికీ సూత్రం ఇదే. కూరగాయ శరీరం కావాలి, పిండి అతుకు మాత్రమే కావాలి. ముప్ఫయి గ్రాముల గోధుమపిండితో చేసిన పుల్కాలో సుమారు ఇరవై గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కింద చెప్పబోయే రొట్టెలను దానితో పోల్చి చూసుకోండి.

మొదటిది కాలీఫ్లవరు రొట్టె. కాడలూ ఆకులూ తీసేసిన పువ్వు అరకిలో తీసుకుని, ఉప్పు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచి, పురుగులేవైనా ఉంటే పోయాక, బాగా తుడిచి కోరండి. కోరును ఇడ్లీపాత్రలో అయిదారు నిమిషాలు ఆవిరిమీద ఉంచి, చల్లారనిచ్చి, పల్చటి నూలుగుడ్డలో మూట కట్టి పిండండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. చెయ్యి నొప్పి పుట్టేదాకా పిండాలి. గ్లాసుడు నీళ్లు దిగినా ఆశ్చర్యపోకండి. రొట్టె ముక్కలయ్యేది ఈ నీటివల్లే. పెనం మీద ఆ నీరు ఆవిరై పైకి తన్నుకొస్తుంది, అతుకును నిలవనివ్వదు. పిండిన పొడిముద్దలో రెండు కోడిగుడ్లు, ఉప్పు, జీలకర్ర, కొంచెం మిరియాలపొడి కలిపి ఆరు ఉండలు చెయ్యండి. పిండి చిటికెడైనా అక్కర్లేదు. ఒక్కొక్క రొట్టెలో మూడునాలుగు గ్రాములకు మించి పిండిపదార్థం ఉండదు.

గుడ్డు తిననివారికి రెండోది, సొరకాయ రొట్టె. లేత సొరకాయ కోరు 300 గ్రాములు. కోరేముందు చిన్నముక్క నాలిక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం అవతల పారేయాలి. చేదు సొరకాయ విషం, వండినా ఆ గుణం పోదు. కోరులో ఉప్పు కలిపి పావుగంట ఉంచి గట్టిగా పిండండి. అందులో శనగపిండి 60 గ్రాములు, ఇసబ్గోలు పొట్టు ఒక పెద్ద చెంచా, నువ్వులు, పచ్చిమిరప తురుము, కరివేపాకు వేసి కలిపి పదినిమిషాలు కదపకుండా ఉంచండి. మందులషాపుల్లో దొరికే ఆ ఇసబ్గోలే గోధుమ చేసే పనిని ఇక్కడ చేస్తుంది. నీటిని పీల్చి జిగురై ముద్దను పట్టి ఉంచుతుంది, అదంతా పీచే గనక చక్కెర పెంచదు. ఇది తిన్నరోజు మంచినీళ్లు మాత్రం బాగా తాగాలి. నాలుగు రొట్టెలవుతాయి. శనగపిండిలో దాదాపు సగం పిండిపదార్థమే కాబట్టి ఒక్కోదానిలో పది గ్రాముల దాకా లెక్క వేసుకోండి, అంటే సగం పుల్కా. మాంసకృత్తులు కొంత అదనపు లాభం.

ఇప్పుడు కాల్చే పద్ధతి. అప్పడాలకర్రతో వత్తడం, చేతిలోంచి పెనం మీదికి జారవిడవడం వీటికి పనికిరావు. అవి గోధుమ అలవాట్లు. తెలంగాణ ఇళ్లలో సర్వపిండి చేసేవారి పద్ధతి చూడండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసి కలిపిన ముద్దను చల్లటి గిన్నెలోనే నూనె రాసి తట్టి, వేలితో రంధ్రాలు చేసి, ఆ రంధ్రాల్లో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి సెగమీద కాలుస్తారు. సర్వ అనే గిన్నెలో చేసేది గనక దానికా పేరు. ముద్దలో సొరకాయ కోరు కలిపే అలవాటు కూడా ఉంది. బియ్యప్పిండి తిండి గనక చక్కెర ఉన్నవారికి సర్వపిండి విందునాటి మాటే. కాని తయారీ మాత్రం మనకు పాఠం. అందులో రొట్టెను ఎత్తవలసిన పనే లేదు, ఎత్తనిది విరగదు.

అలాగే మీరూ చల్లటి పెనానికి నూనె పల్చగా రాసి, ఉండ పెట్టి, తడిచేత్తో చుట్టూ జరుపుతూ తట్టండి. అంచు మరీ పల్చనైతే మాడుతుంది, నడుమా అంచూ సమంగా ఉండాలి. నాలుగయిదు రంధ్రాలు పెడితే ఆవిరికి దారి దొరుకుతుంది. తరవాత పెనాన్ని పొయ్యిమీద పెట్టి, మూతవేసి నాలుగయిదు నిమిషాలు సన్నటి సెగ, మూత తీసి మరి రెండు నిమిషాలు. అంచులు ఎండి తమంతట తాము పైకి లేచాకే అట్లకాడ పెట్టండి, అంతకుముందు తొందరపడితే ఎంత నేర్పరికైనా ముక్కలే. తిప్పి రెండో పక్క రెండు నిమిషాలు. రెండు పెనాలుంటే ఒకటి చల్లారుతుండగా రెండోదాని మీద పని సాగుతుంది. హాస్టలు గదిలో ఒంటి కరెంటు పొయ్యితో వండుకునే పిల్లలు మొదటి రొట్టె అయ్యాక పెనం అడుగును తడిగుడ్డ మీద ఆనించి చల్లార్చుకోవచ్చు. కాలిన రొట్టెలను వేడిమీద దొంతర పెట్టకండి, చెమర్చి మెత్తబడతాయి. విడివిడిగా ఆరాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో ఉంచితే రెండు రోజులు నిలుస్తాయి.

రొట్టె ఎంత శ్రద్ధగా చేసినా లోపల ఏం చుడతారన్నది మరిచిపోకండి. కాలీఫ్లవరు రొట్టెలో బంగాళాదుంప కూర చుడితే ఒక చేత్తో తీసింది రెండో చేత్తో పెట్టినట్టే. కాలీఫ్లవరు రొట్టెకి ఆకలి ఆపే శక్తి తక్కువ కాబట్టి, పన్నీరో, గుడ్డో, చేపో, మొలకెత్తిన పెసలో, చిక్కటి పప్పో ఉండాలి. లేకపోతే నాలుగింటికల్లా ఆకలేసి సమోసా దగ్గరికి కాళ్లు నడుస్తాయి. నూనె కూడా చూసి పోయండి. కాలేయంలో కొవ్వుందని రొట్టె మార్చినవారు ఆ రొట్టెని నూనెలో తేల్చడం ఏం న్యాయం?

చివరగా ఒక హెచ్చరిక. ఆ అమ్మాయికి అన్నిటికన్నా ముందు ఇదే చెప్పాను. ఇన్సులిను తీసుకునేవారూ, చక్కెర దించే కొన్ని రకాల మాత్రలు మింగేవారూ డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం, చపాతీ మానేసి ఈ రొట్టెలకి దిగకూడదు. మందు పాతకొలతలోనే ఉండి తిండిలో పిండి పడిపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా దిగిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం దాని గుర్తులు. అప్పుడు వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. మరికొన్ని మాత్రలకి పిండి బొత్తిగా తగ్గడం వేరే రకంగా చేటు చేస్తుంది. కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడి, రోజుకి ఒక పూట మాత్రమే మార్చి, చక్కెర కొలుచుకుంటూ పొండి.

అంతా మార్చనక్కర్లేదు. రాత్రి నాలుగు చపాతీల స్థానంలో ఒక చపాతీ, రెండు సొరకాయ రొట్టెలు, ఒక గిన్నెడు పప్పు అన్నా తేడా కనిపిస్తుంది. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతుబజార్లకి దగ్గరగా ఉన్నవారు ఆదివారం పొద్దున వెళితే లేత సొరకాయలు దొరుకుతాయి. గోరు గుచ్చితే సులువుగా దిగేది చూసి తెచ్చుకోండి. మొదటి రొట్టె విరిగితే కూరలా తినేసి రెండోది తట్టండి. మూడో ఆదివారానికి చెయ్యి తిరుగుతుంది.