కాండక్ట్ సర్టిఫికెట్ ఇప్పుడు ఎవరిస్తున్నారు?

డిగ్రీ పూర్తి చేసి వెళ్ళే విద్యార్థికి కళాశాల ఇచ్చే కాగితాలు ముఖ్యంగా మూడు: మార్కుల మెమో, టి.సి., కాండక్ట్ సర్టిఫికెట్. మూడోదాన్ని ఎవరూ చదవరు. అందులో "సంతృప్తికరం" అని తప్ప మరో మాట రాయగా నేనైతే చూడలేదు. మన నడవడిక గురించి అసలు సంగతి చెప్పే పని ఇప్పుడు మన జేబులోని ఫోను చేస్తున్నది. మిత్రులారా, ఈ మాట నేను అనుభవం మీద రాస్తున్నాను.

మాది బాన్సువాడ పక్కన ఒక పల్లె. నిజాంసాగర్ కాలువ కింద మూడెకరాలు. నిరుడు యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి పన్నెండు రోజులు కాపలా పడుకున్నాం. తేమ 17 శాతం మించవద్దని నియమం. మా వడ్లు ఎండి పదహారుకు వచ్చినయి. అయినా కాంటా కాలేదు, గోనె సంచులు రాలేదన్నారు. పదమూడో రాత్రి వాన కొట్టింది. తెల్లారి టార్పాలిన్ ఎత్తితే అడుగు వడ్లు నీళ్ళల్లో ఉన్నయి. మా బాపు అన్నం తినే పళ్ళెంతో ఆ నీళ్ళు ఎత్తి పోస్తున్నాడు. నేను ఫోను తీసి రెండు నిమిషాల వీడియో పట్టిన. అందులో వడ్లు కనబడేది అర నిమిషమే. మిగిలిందంతా అక్కడి గుమాస్తాను, వాళ్ళ అమ్మను నేను తిట్టిన తిట్లు. సాయంత్రానికి పదకొండు వేల మంది చూశారు. నిజం చెప్పొద్దూ, గర్వంగానే అనిపించింది.

ఆర్నెల్ల తర్వాత హైదరాబాదులో ఒక ఔషధ కంపెనీ ఇంటర్వ్యూకు పోయిన. లేబొరేటరీలో ట్రైనీ ఉద్యోగం. టైట్రేషన్ గురించి అడిగినవన్నీ చెప్పగలిగాను. ఆఖరున ఒకాయన తన కంప్యూటరు నా వైపు తిప్పి, "ఇది మీరేనా?" అన్నాడు. అవునన్నాను. "రేపు మా దగ్గర కోపం వస్తే ఏం చేస్తారు?" నోట మాట రాలేదు. ఉద్యోగం రాలేదు. అందుకే రాలేదని వాళ్ళు అనలేదు, నాకన్నా మంచి మార్కులవాళ్ళు ఉండి ఉండవచ్చు. కానీ బస్సు నర్సాపూర్ దాటకముందే ఆ వీడియో తీసేశాను.

ఇంటికొచ్చి చెబితే బాపు అన్నాడు: "ఎందుకు తీసేసినవ్‌రా? వడ్లు తడిసింది అబద్ధమా?"

"తిట్లున్నయి బాపూ."

"తిట్లు తియ్యి. వడ్లెందుకు తీసినవ్?"

ఉద్యోగార్థులకు పెద్దలు చెప్పే సలహా ఒకటే. రాజకీయం వద్దు, గొడవ వద్దు, ఇస్త్రీ చొక్కాతో ఫోటో పెట్టు, లింక్డ్‌ఇన్‌లో చదువూ ప్రాజెక్టులూ రాసుకో. ఇందులో సగం నాకు సమ్మతమే. "డేంజర్ బాయ్" అన్న ఈమెయిల్‌తో బయోడేటా పంపే మిత్రులు మన హాస్టల్లో ఇంకా ఉన్నారు, వారికి నా నమస్కారం! కానీ "ఏమీ మాట్లాడకు" అన్న రెండో సగం ఎవరికి చెల్లుతుంది? ఫోను చేస్తే కాంటా అయ్యే ఇంటి పిల్లలు మౌనంగా ఉండగలరు. మాకు ఆ ఫోనే సాక్షి.

చట్టం మన నోరు కట్టెయ్యలేదు. ఇంటర్నెట్‌లో రాతలకు జైల్లో పెట్టిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయితే నౌకరీ ఇచ్చేవాడి మనసులోని సెక్షన్‌ను ఏ కోర్టు కొట్టేస్తుంది? పై దేశం పోదామన్నా ఇదే గతి. అమెరికా వీసా ఫారంలో అయిదేళ్ళుగా వాడిన ఖాతాల పేర్లు రాయాలన్న నిబంధన 2019లోనే వచ్చింది. 2025 జూన్‌లో విద్యార్థి వీసా కోరేవాళ్ళు, అదే ఏడు డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ళు తమ పేజీలను అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలన్నారు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇది చిన్న సంగతి కాదు. ఎన్నడో ఇంటర్‌లో రాసిన మాటలు వెతికి తుడుచుకుంటున్న సీనియర్లు నాకు తెలుసు. భయంతో తుడిచేదానికీ తప్పని తెలిసి దిద్దుకునేదానికీ తేడా ఉందని నా అభిప్రాయం.

కెమిస్ట్రీ రికార్డులో అంకె తప్పు పడితే రబ్బరుతో తుడవనివ్వరు. ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం పెట్టమంటారు. నేను దిద్దవలసిన అంకె ఆ గుమాస్తా. అతడు నా ఈడువాడే, కాంట్రాక్టు మీద చేస్తున్నాడు, సంచులు తెప్పించడం అతని చేతిలో లేదు. నా ఉద్యోగం సంగతి ఇన్నాళ్ళు తలపోసిన నేను, పదకొండు వేల మంది ముందు పోయిన అతని పరువు సంగతి తలవనే లేదు. రేపు అతడూ ఏదో ఇంటర్వ్యూకు పోతాడు గదా. పోయి క్షమించమన్నాను. "సరే తియ్" అన్నాడు, నవ్వలేదు.

ఫోనులో మిగిలిన అసలు వీడియో నుంచి ఆ అర నిమిషం కత్తిరించి మళ్ళీ పెట్టాను. గుమాస్తా ముఖం లేదు, తిట్లు లేవు. కుప్ప పోసిన తేదీ, తేమ 16, వాన పడ్డ రాత్రి రాసి కింద నా పేరు పెట్టుకున్నాను. పాతదాంట్లో తిట్లు నావే, అందుకు చింతిస్తున్నానని కూడా రాశాను. రెండు వందల మంది కూడా చూడలేదు. వచ్చే నెల ఇంకో కంపెనీకి పంపే బయోడేటాలో దాని లింకు రాయాలా వద్దా అని మా గదిలో రోజూ వాదనే. నేను మాత్రం రాసేశాను.