మూడు అంకెలు కావాలి

కృష్ణా–గోదావరి బేసిన్ డీ6 బ్లాకులోని డీ1, డీ3 క్షేత్రాల గ్యాస్ నిల్వలు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులకు పైనేనని 2006 నాటి ప్రణాళిక చూపింది. 2012 నాటికి ఆ అంకె మూడు దగ్గరికి దిగింది. 2009లో మొదలైన ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. తప్పు నిల్వలు లెక్కగట్టే సూత్రానిది కాదు. ఇసుకరాతి పొర వైశాల్యం, మందం, రాతిలో రంధ్రాల శాతం, వాటిలో నీరు పోగా మిగిలే గ్యాస్ వాటా, అందులో పైకి తీయగలిగినంత: స్థూలంగా వీటిని గుణించడమే ఘనపరిమాణ పద్ధతి. ఒక్కోదానికి కాస్త ఆశ కలిపితే చాలు, గుణకారం దాన్ని కొండంత చేస్తుంది. పైగా సీస్మిక్ చిత్రంలో ఒకటే పొరలా కనిపించిన ఇసుక లోపల ముక్కలుగా తెగి ఉండొచ్చు. భూగర్భం అనుకున్నదానికన్నా చిక్కుగా ఉందని బ్లాకును నడిపిన రిలయన్స్, బావులు తక్కువ తవ్వారని ప్రభుత్వ హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ వాదించాయి; తగువు మధ్యవర్తుల దాకా పోయింది. గట్టి సాక్ష్యం ఉత్పత్తి మొదలయ్యాకే దొరుకుతుంది: ఎంత తీస్తే పొరలో పీడనం ఎంత పడిందో చూసి మొత్తాన్ని వెనక్కి లెక్కగడతారు. కాబట్టి తొలి అంచనాను ఒకే అంకెగా ప్రకటించనివ్వకూడదు. నూటికి తొంభై పాళ్లు దొరికేది, సగం అవకాశమున్నది, పది పాళ్లే ఆశ ఉన్నది, మూడూ పక్కపక్కనే అచ్చువేయాలని నిబంధన పెట్టాలి, ముఖ్యంగా షేర్లు కొనే మామూలు జనం కోసం.