కువైట్ వెళ్లే ఊళ్లలో అరబ్బీ చెప్పరెందుకు?

హైస్కూలు పిల్లలకు నేర్పదగిన విదేశీ భాషలంటూ 2020 జాతీయ విద్యా విధానం ఎనిమిదింటి పేర్లు చెప్పింది: కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్. ఉదాహరణకు చెప్పిన పేర్లే కావచ్చు. అయినా అందులో అరబ్బీ లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు. రాజంపేట, రాయచోటి, కోనసీమల నుంచి కువైట్‌కీ, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్, సౌదీలకూ మనవాళ్లు దశాబ్దాలుగా వెళ్తున్నారు. వాళ్ల పిల్లలు చదివే తెలుగు, ఇంగ్లీషు మీడియం సర్కారు బళ్లలో మాత్రం ఆ దేశాల భాష పాఠంగా కనిపించదు.

ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడమనిషికి కొన్నాళ్లకు అరబ్బీ మాటలు వస్తాయి. వంటింట్లో మేడం పురమాయింపులు, పిల్లల మారాం వినీ వినీ అవే పట్టుబడతాయి. చదవడం మాత్రం రాదు. అకామా (నివాస అనుమతి పత్రం) మీద ఏముందో, కఫీలు (పనిలో పెట్టుకున్న యజమాని) సంతకం పెట్టమన్న కాగితంలో జీతమెంతో ఇంకొకరు చెప్తేనే తెలియాలి. అక్కడి అంకెలూ వేరు. మన సున్నాలా కనిపించేది అయిదు, ఒట్టి చుక్క పెడితే సున్నా. ఒప్పందం రెండు భాషల్లో ఉండి తేడా వస్తే చెల్లేది సాధారణంగా అరబ్బీ ప్రతే. తన జీతం తనకు తెలియని చోట మనిషి ఎవరిని నిలదీయగలదు?

అరబ్బీకి ఇరవై ఎనిమిది అక్షరాలు. కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఉర్దూ చదివే పిల్లలకు ఆ లిపి సగం వచ్చినట్టే. ఆరో తరగతిలో మొదలుపెట్టి వారానికి మూడు పీరియడ్లు చెప్తే, పదో తరగతికల్లా ఒక ఒప్పంద పత్రాన్ని కూడబలుక్కుని చదివే శక్తి వస్తుంది.

గల్ఫ్‌కు పంపడానికేనా చదివించేది అని అడిగేవాళ్లుంటారు. చదువు చెప్పినా చెప్పకపోయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. పైగా హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో ఒమన్, ఇరాక్, యెమెన్ రోగుల పక్కన దుబాసీలు నిలబడి వాళ్ల బాధను డాక్టరుకు చెప్తున్నారు. అది ఇక్కడే ఉండి చేసే ఉద్యోగం.

జాబితాలో ఉన్నా జర్మన్ సంగతీ అంతే. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా ఆ భాషలో బి2 (మధ్యస్థాయిలో పైమెట్టు) స్థాయి కావాలి. మన అమ్మాయిలు నర్సింగ్ పూర్తయ్యాక, ఇంటి బాధ్యతలు మీదపడే వయసులో, అక్షరాల నుంచి మొదలుపెడుతున్నారు. ఆ భాషలో ఉపవాక్యం చివరికి క్రియ వస్తుంది, మన వాక్యంలో లాగే. పన్నెండేళ్ల తెలుగు పిల్లకు అది ఇట్టే అందుతుంది.

ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకునే చాలామందిలా మార్కుల కోసం బట్టీ పట్టిస్తే మాత్రం వద్దు. నోటితో మాట్లాడించి, చేత్తో రాయించి మార్కులు వెయ్యాలి. పంతుళ్లెక్కడ అనకండి. ఉస్మానియాలో, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబ్బీ ఎం.ఏ.లు చదివినవాళ్లున్నారు. వచ్చే జూన్‌లో రాజంపేట, జగిత్యాల చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లతో మొదలుపెట్టవచ్చు.