క్రోమోజోముల తేడా – సంతాన చికిత్స

పెళ్లయి ఆరేళ్లయింది. మూడుసార్లు నెల తప్పింది. మూడుసార్లూ మూడోనెల నిండకుండానే కడుపు పోయింది. గర్భసంచి బాగానే ఉందన్నారు. షుగరు లేదు, థైరాయిడు లేదు. అప్పు చేసి టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి వెళ్లారు. అదీ నిలవలేదు. ఇక ఇంట్లో మాటలు మొదలవుతాయి – "కోడలి కడుపే అంత!" అని.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవారి ఇంట్లోనో ఇలా జరుగుతూ ఉంటే, ఒక్క ప్రశ్న వేసుకోండి. భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష చేయించారా?

ఏమిటీ తేడా?

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో నిర్ధారణ అయింది. బిడ్డకు తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 వస్తాయి. కొందరిలో ఒక క్రోమోజోము ముక్క మరో క్రోమోజోముకు, దాని ముక్క దీనికి అతుక్కుని ఉంటాయి. దీన్నే ట్రాన్స్‌లొకేషన్ అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఇలా ఉంటుంది.

రామాయణం, భారతం బైండు చేయించేటప్పుడు దీని చివరి పేజీలు దానిలో, దాని చివరి పేజీలు దీనిలో పడ్డాయనుకోండి. రెండూ మీ ఇంట్లో ఉన్నంతకాలం ఒక్క పేజీ కూడా పోలేదు. అందుకే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. కాని బిడ్డకు అందులో ఒక్క పుస్తకమే వెళ్తే కొన్ని పేజీలు లోపిస్తాయి, కొన్ని రెండేసి వస్తాయి. అటువంటి పిండం చాలావరకు గర్భాశయంలో అతుక్కోదు, లేదా తొలి నెలల్లోనే పోతుంది. అరుదుగా, లోపాలతో బిడ్డ పుట్టవచ్చు.

ఎవరు చేయించుకోవాలి?

ఒక్కసారి గర్భస్రావమైనంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం పిండంలో యాదృచ్ఛికంగా వచ్చిన క్రోమోజోము లోపం వల్లనే పోతాయి. తల్లిదండ్రుల క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి. కాని రెండు మూడుసార్లు కడుపు పోయినా, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి పదేపదే విఫలమైనా, భర్త వీర్యంలో కణాలు బాగా తక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా డాక్టరుతో ఈ పరీక్ష గురించి మాట్లాడండి. కొద్దిగా రక్తం తీస్తారు, అంతే. కణాలను పెంచి చూడాలి గనుక రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

రిపోర్టు చూసి బెదరకండి

"9వ క్రోమోజోము ఇన్వర్షన్" అని రాసి ఉంటే కొందరు హడలిపోతారు. అది చాలామందిలో కనిపించే మామూలు తేడా. దాన్ని జబ్బుగా లెక్కించరు. దానికోసం చికిత్స మానుకోనక్కర్లేదు.

"మాది మేనరికం, అందువల్లనే వచ్చిందా?" అని అడుగుతారు. మేనరికం వల్ల కొన్ని వంశపారంపర్య జబ్బులు పెరిగే మాట నిజమే. కాని ట్రాన్స్‌లొకేషన్‌కు మేనరికం కారణం కాదు. అయితే అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండవచ్చు గనుక, అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ చెప్పడం మంచిది.

దారులేమిటి?

మొదటిది, సహజంగానే ప్రయత్నించడం. ట్రాన్స్‌లొకేషన్ ఉన్న దంపతుల్లో ఎందరికో ఒకటి రెండు గర్భాలు పోయినా చివరికి ఆరోగ్యవంతులైన పిల్లలు పుడుతున్నారు. గర్భం నిలిచాక 11–13 వారాల్లో మావి నుంచి, లేదా 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీటి నుంచి పరీక్ష చేయవచ్చు.

రెండవది, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో అయిదో రోజు పిండం నుంచి కొన్ని కణాలు తీసి పరీక్షించి, సరైన పిండాన్నే గర్భాశయంలో ఉంచడం. దీనివల్ల గర్భస్రావాలు తగ్గుతాయి. కాని ఈ పరీక్ష పిండాన్ని బాగుచేయదు, ఏరుతుంది మాత్రమే. ఏరడానికి ఒక్కటీ మిగలకపోవచ్చు. ఖర్చూ ఎక్కువే. ఈ సంగతి ముందే అడిగి తెలుసుకుని డబ్బు కట్టండి. ఆడా మగా చెప్పమని మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం.

రెండు 21వ క్రోమోజోములూ ఒకదానికొకటి అతుక్కున్నవారి విషయం వేరు. వారికి పుట్టే పిల్లలకు డౌన్ సిండ్రోమ్ తప్పదు. అటువంటివారికి దాత అండమో, దాత వీర్యమో, దత్తతో దారి. ఏది మీకు తగినదో జన్యు వైద్యులు వివరిస్తారు. ఇద్దరూ కలిసే వెళ్లండి.

క్రోమోజోములు ఎవరూ కోరి తెచ్చుకున్నవి కావు. తేడా భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు. నింద వేయడానికి కాదు, దారి వెతకడానికే ఈ పరీక్ష.