నిప్పు దిద్దిన నీలిమ

గడియారపు ముళ్లు ఏ రంగులో ఉన్నా గంట మారదు, నిమిషం ఆగదు. అయినప్పటికీ స్విట్జర్లాండు, జర్మనీ, జపాను దేశాలలోని మేటి పనివారు కొందరు నేటికీ ఉక్కు ముళ్లకు నిప్పుతోనే నీలివన్నె తెప్పిస్తున్నారు. రంగు పూస్తే సులువుగా తీరిపోయే పనికి ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం ఆ పని జరిగే తీరులోనే ఉంది.

ముందుగా ముల్లును అద్దంలా మెరిసేటట్లు మెరుగుపెడతారు. దానిపై వేలిముద్ర గాని, నూనె మరక గాని, సన్నని గీత గాని మిగలరాదు. మిగిలిన లోపాన్ని నిప్పు కప్పిపుచ్చదు, ఎత్తిచూపుతుంది. శుభ్రపరచిన ముల్లును ఇత్తడి రజను పరచిన చిన్న పళ్లెంలో ఉంచి, అడుగున స్పిరిటు దీపం వెలిగిస్తారు. నేరుగా మంట తగిలితే ముల్లులోని సన్నని భాగం ముందుగా కాగిపోతుంది. ఇత్తడి రజను ఆ వేడిని అంతటా సమంగా పంచుతుంది.

వేడి సుమారు 220 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి ఉక్కు లేత గడ్డిరంగు దాలుస్తుంది. ఆపై గోధుమవన్నె, ఊదావన్నె ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. 300 డిగ్రీల ప్రాంతంలో ముదురు నీలం ఉదయిస్తుంది. ఇంకా ఉపేక్షిస్తే అది లేత నీలమై, చివరకు బూడిదవన్నెకు తిరుగుతుంది. కోరిన నీలం నిలిచేది కొద్ది క్షణాలు మాత్రమే. ఆ క్షణాన్ని కనిపెట్టి ముల్లును వేడి నుండి తప్పించాలి. ఏమరితే మళ్లీ మెరుగుపెట్టి మొదటికి రావలసిందే. విద్యుత్ పొయ్యి వేడిని కచ్చితంగా కొలిచి చూపవచ్చు. కాని ఉక్కు గుణాన్ని బట్టి, ముల్లు మందాన్ని బట్టి వన్నె వచ్చే ఘడియ మారుతుంది. తుది తీర్పు కంటిదే.

విశేషమేమంటే, ఈ నీలిమలో నీలిరంగు పదార్థమేదీ లేదు. వేడెక్కిన ఉక్కు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనపై అతిపలుచని ఆక్సైడు పొరను ఏర్పరచుకుంటుంది. దాని మందం కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. ఆ పొర పైభాగం నుండి, అడుగుభాగం నుండి తిరిగివచ్చే కాంతి తరంగాలు కలుసుకొని, కొన్ని వన్నెలను అణచి, నీలాన్ని నిలుపుతాయి. సబ్బు బుడగపై, నీటి మీది నూనె తెట్టుపై రంగులు ఆడేదీ ఈ సూత్రం వల్లనే. అందుకే నీలిముల్లు ఒక వైపు నుండి నల్లగా, మరొక వైపు నుండి ఇంద్రనీలంలా కనిపిస్తుంది. పూతరంగుకు ఈ జీవకళ అబ్బదు.

ఈ అందం వట్టి అలంకారంగా పుట్టలేదు. ఉక్కు పదును ఎంతవరకు వచ్చిందో వన్నెను చూసి గుర్తించడం కమ్మరుల పాత విద్య. స్ప్రింగులకు తగిన పదును నీలివన్నె దగ్గర కుదురుతుంది. తెల్లని ఎనామిల్ పలకపై ముదురు నీలిముల్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పొర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది కూడా. 1747లో స్విట్జర్లాండులోని నూషతెల్‌లో జన్మించి, 1775లో పారిస్‌లో పనిశాల నెలకొల్పిన అబ్రహాం లూయీ బ్రెగె, కొన దగ్గర బోలు వలయం గల సన్నని ముళ్లను రూపొందించాడు. అవి నేటికీ ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి. అవసరమూ అందమూ ఒకే కొలిమిలో పుట్టాయనడానికి నీలిముల్లు సాక్ష్యం.

అయితే 1969లో జపానులో క్వార్ట్జ్ చేతిగడియారం వెలువడింది. తక్కువ వెలకు ఎక్కువ కచ్చితత్వం లభించింది. 1970లో స్విస్ గడియార పరిశ్రమలో దాదాపు 90 వేల మంది పనిచేసేవారు. 1980వ దశకం నడుమకు వారి సంఖ్య 30 వేల ప్రాంతానికి పడిపోయింది. సామాన్యుడికి సరైన సమయం చౌకగా అందడం మేలే. దానిని నిందించడం న్యాయం కాదు. రసాయనాలతో నీలివన్నె తెప్పించడమూ, నీలిరంగు పూయడమూ తప్పు కాదు. అలా చేసిన దానిని నిప్పులో కాచినదని నమ్మించడమే తప్పు. కొనేవాడు చెల్లించే వెల రంగుకు కాదు, ఆ రంగు వెనుక ఉన్న ఏకాగ్రతకు.

2020లో స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల గడియార నిర్మాణ నైపుణ్యాన్ని యునెస్కో మానవాళి అగోచర వారసత్వంగా గుర్తించింది. ఆ గౌరవం ఉచితమే. కాని చేతిపని పట్టికలో పేరు చేరినంత మాత్రాన బ్రతకదు. ఊదా నీలమయ్యే క్షణం ఏదో పుస్తకం చెప్పలేదు. గురువు పక్కన కూర్చుని, ఎన్నో ముళ్లను పాడుచేసి, శిష్యుడు నేర్చుకోవలసిందే. ఒక తరం నేర్వడం మానితే ఆ కన్ను మరుగైపోతుంది.

నీలిముల్లు లోకానికి అత్యవసరం కాదన్నది నిజం. కాని ఎవరూ పట్టించుకోని చిన్న పనిని సైతం లోపం లేకుండా చేయాలనే పట్టుదల ఏ సమాజానికైనా అవసరమే. గడియారం కాలాన్ని కొలుస్తుంది. దాని నీలిముల్లు మనిషి ఓర్పును కొలుస్తుంది.