ఢిల్లీల ఎక్కితె డలెస్‌ల దిగుడే

గూడూరు నుంచి శంషాబాద్ దాకా మా అమ్మకు ఏ భయమూ లేదు. నర్సంపేట, వరంగల్, జనగామ మీదుగా కారు పోతుంటే ఏ ఊళ్లో ఏ చుట్టం ఉన్నదీ చెప్పుకుంటూ వస్తుంది. ఆ తర్వాత ఢిల్లీ, అక్కడ ఇంకో విమానం. "ఢిల్లీల ఎక్కితె డలెస్‌ల నీ ముంగట్నే దిగుడు గద బిడ్డా" అనేది ఆమె లెక్క. 2025 సెప్టెంబర్ 1తో ఆ లెక్క తప్పింది.

ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ (డలెస్) సర్వీసు 2017 జూలైలో వారానికి మూడుసార్లతో మొదలైంది. ఎనిమిదేళ్లు నడిచింది. ఆపడానికి సంస్థ చెప్పిన కారణాలు రెండు. 26 బోయింగ్ 787లను లోపలంతా కొత్తగా మార్చడానికి పంపుతుండటంతో విమానాలు చాలడం లేదు. పాకిస్తాన్ గగనతలం 2025 ఏప్రిల్‌లో మూతపడ్డాక దారి చుట్టు తిరిగింది, ఖర్చు పెరిగింది. కాదనలేం. కానీ 2021 సంక్రాంతికి మొదలైన హైదరాబాద్–షికాగో విమానాన్నీ చూశాం. వారానికి ఒక్కటే, అదీ నిలవలేదు. మనవాళ్ల రద్దీ చూసి మురిసినంతసేపు పట్టదు, రూటు ఎత్తేయడానికి.

ఇప్పుడు న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారి రమ్మంటున్నారు. టికెట్టు మీద అది ఒక్క గీత. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించి, బెల్టు మీంచి పెట్టె దించుకుని, కస్టమ్స్ దాటి, దాన్ని మళ్లీ అప్పగించి, ఇంకో విమానం వెతుక్కోవాలి. అమ్మ పెట్టె 23 కిలోలు. గుర్తుకోసం పిడికి ఎర్రచీర పేలిక, లోపల సకినాలు, పండుమిరప తొక్కు. కిందటి నెల అది ఎదుటనుంచే రెండు చుట్లు తిరిగిపోయిందట, చేతులు చాలలేదు. చివరికి ఎవరో నల్లగొండ పిల్లగాడు దించిపెట్టాడు. పేరు అడగలేదు. "ఎవలి కొడుకో, సల్లగుండ" అంటోంది ఇప్పటికీ.

ఆ పిల్లగాడు ప్రతిసారీ దొరకడు. అందుకే ఈ సంచిక నుంచి చివరి పేజీలో 'తోడు' అనే పట్టిక వేస్తున్నాం. పెద్దవాళ్లు వచ్చే తేదీ, మారే ఊరు రాసి పంపండి. అదే విమానంలో వస్తున్న చిన్నవాళ్లూ రాయండి. వీల్‌చైర్ మాత్రం టికెట్టు కొనేటప్పుడే అడిగిపెట్టండి.

అమ్మ తిరుగు ప్రయాణం ఫిబ్రవరిలో. పట్టికలో మొదటి వరుస ఆమెదే, పక్క గడి ఇంకా ఖాళీగా ఉంది.